గిరక గాలం

బాలనర్సమ్మ గాలపు దారం చుట్టే ఆ గిరకను తువ్వాల నడుమ పెట్టింది. నాలుగు కొసలూ దగ్గరికి లాగి, వల అల్లే దారంతో మెడ దగ్గర చుట్టు మీద చుట్టు వేసి ముడి బిగించింది. మిగిలిన దారాన్ని పంటితో కొరికి, ముడి మీద తడి పసుపు అద్దింది. ముసలిదాని కళ్ళకు మసక గాని వేళ్ళకు మసక లేదు.

"ఐతారం దాక ఎవ్వలు ఇప్పొద్దు," అంది మూటను బిక్షపతి చేతిలో పెడుతూ. "ఏ దిక్కోడు ఇప్పితే ఆ దిక్కు ఓడినట్టే. గిది మా అత్త నాటి మాట."

చెరువు మీద ఏ తగువు వచ్చినా ఆ ఊళ్ళో పద్ధతి ఇదే. తగువు పడ్డ వస్తువు మూటలోకి పోతుంది, సొసైటీ వాళ్ళలో పెద్దదైన బాలనర్సమ్మ ముడి వేస్తుంది, మూట కావలివాడి చేతికి పోతుంది, నలుగురూ కూడిన రోజు ముడి తెగుతుంది. బిక్షపతి మత్స్య సొసైటీ పెట్టిన కావలివాడు. తూము పక్క గుడిసెలో ఉండి చెరువును చూసుకుంటాడు. మంగీలాల్ వెదురు కర్ర నుంచి ఆ గిరకను విప్పి తెచ్చింది కూడా అతనే, పొద్దున, చైర్మన్ ధర్మేందర్ తెమ్మంటే.

తగువు చిన్నదే, దాని వెనక ఉన్నది చిన్నది కాదు. ఆ చెరువులో వల సొసైటీ వాళ్ళదే. గాలానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు. కట్టకు అవతల ఉన్న తండా వాళ్ళు తాతల నాటి నుంచి గాలం వేసుకునే కూర వండుకుంటున్నారు. ఈ ఏడు జనగామ నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి చెరువులో చేపంతా తానే కొంటానన్నాడు, కట్ట మీద ఒక్క గాలం కూడా కనబడొద్దన్నాడు. ఆ మాట ధర్మేందర్ చెవిలో జోరీగలా దూరింది. ఉన్న పద్ధతిని ఒక్కసారిగా కాదనలేడు. అందుకని మంగీలాల్ గిరకను పట్టుకున్నాడు.

"గాలానికి అడ్డం లేదు, ఒప్పుకుంట," అన్నాడు అందరి ముందూ. "మిషన్‌కు అడ్డం ఉన్నది గద? రంపం లెక్క పండ్లున్న చక్రం తిరిగేదేదైన మిషనే. గా గిరక కిర్రుమంటది. పండ్లు లేకుండ ఎట్ల కిర్రుమంటది? మిషన్ దాక వచ్చినంక తండకు గాలం మాట చెల్లది."

పెద్దలు అటూ ఇటూ చూసి, చివరికి మాట తేల్చారు. ఆదివారం అందరి ముందూ గిరకను విప్పాలి. లోపల పండ్ల చక్రం ఉంటే తండాకు గాలం బందు. లేకుంటే చైర్మన్ ఈ ముచ్చట మళ్ళీ ఎత్తకూడదు.

"లోపల ఏమున్నదో నీకెరుకనా?" అని మంగీలాల్‌ను అడిగింది బాలనర్సమ్మ.

మంగీలాల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బక్కమనిషి, మాట తక్కువ. "ఎరుక లేదవ్వా. ఇప్పితే మల్ల కూడుకోదని మా బాపు చెప్పిండు. ఎన్నడు ఇప్పలే," అన్నాడు.

బయ్యారం గుట్టల్లో ఇనుము కోసం వెతికిన ఇంజనీరు ఒకాయన పోతూ పోతూ దాన్ని మంగీలాల్ తండ్రికి ఇచ్చి పోయాడట. అంతకుమించి ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దెక్కే సరికి ధర్మేందర్ బండి మీద తూము దగ్గరికి వచ్చాడు. దిగకుండానే, "మూట పైలమే గద అన్నా?" అన్నాడు.

"పైలమే."

"జనగామాయనతోని నీ ముచ్చట గూడ చెప్పిన. చెరువు ఆయన చేతికి వోయినంక గూడ నిన్నే కావలికి పెట్టుకుంటడట. నెలనెలకు జీతం. ఇంగ నువ్వు చెల్పూర్ దిక్కు కూలికి వోవుడు ఉండది." అని బండి తిప్పుకుని పోయాడు.

బిక్షపతికి ఆ మాట తీపిగానే ఉంది. నెలనెలకు జీతం అంటే ఎవరికి చేదు? కానీ ఆ తీపి గొంతు దిగేలోపే కట్ట మీద లాలి కనబడింది. మంగీలాల్ భార్య. నెత్తి మీద గడ్డిమోపు దించకుండానే నిలబడింది.

"అన్నా, దాంట్ల పండ్లున్నయా?"

"నాకేమెరుక చెల్లె. ముడి ఏసి ఉన్నది గద."

"కూలి దొరకని దినం మాకు గాలమే కూర," అంది లాలి. "తండంత మా ఇంటాయన మీదికే వచ్చిండ్రు. నీ గిరక వల్లనే మా అందరి గాలాలు వోతున్నయని. రాత్రి బువ్వ ముట్టలే. ఎవ్వలతోని మాట్లాడుత లేడు." గడ్డిమోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

బిక్షపతి గుడిసెలో కూర్చున్నాడు. మూట ఎదురుగా కొయ్యకు వేలాడుతోంది. చెరువు చప్పుడు లేకుండా ఉంది. ఇన్నేళ్ళూ ఆ పక్క గట్టు నుంచి గిరక చప్పుడు వింటూనే అతనికి పొద్దు గడిచేది. మంగీలాల్ దారం చుట్టుకుంటుంటే టిక్కు టిక్కుమని నెమ్మదిగా, చేప తగిలి గుంజిందంటే కిర్ర్‌ర్ మని ఒకటే పరుగు. ఆ పరుగు పొడుగును బట్టి బొచ్చెనో కొర్రమట్టనో గుడిసెలో కూర్చునే చెప్పేవాడు. నిన్న పొద్దున దాన్ని కర్ర నుంచి విప్పుతున్నప్పుడు మంగీలాల్ ఒక్క మాట కూడా అనలేదు. అదే బిక్షపతికి ముల్లులా గుచ్చుకుంటోంది. తిట్టినా బాగుండేది.

పండ్లు లేవేమో. లేవని తెలిస్తే ఈ బరువు దిగుతుంది. ఒక్కసారి చూసి మళ్ళీ కట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? మనిషికి దురద పుట్టాలే గాని గోకేదాకా చెయ్యి ఊరుకోదు. బిక్షపతి చెయ్యీ ఊరుకోలేదు. చిన్ననాటి నుంచి వలలు అల్లిన చెయ్యి అది. బాలనర్సమ్మ ముడి ఎటు నుంచి ఎటు తిరిగిందో చూసుకుని, వల అల్లే సూదితో ఒక్కొక్క చుట్టే వదులు చేశాడు. దారం తెగలేదు.

అరచేతిలో పట్టేంత ఇత్తడి గిరక. వెనక బిళ్ళకు ఒక పాదం ఉంది. ఆ పాదాన్నే మంగీలాల్ సైకిల్ ట్యూబు ముక్కతో కర్రకు బిగించేవాడు. ముందు బిళ్ళ అంచున కొమ్ముతో చేసిన పిడి, వేళ్ళు పట్టి పట్టి నున్నగా అరిగింది. దానికి సరిగ్గా ఎదుటి అంచున ఒక ఇత్తడి గుండు, పిడి బరువుకు సమంగా తూగడానికి. అది లేకుంటే గిరక తిరిగేటప్పుడు ఒక పక్కకు ఎగిరెగిరి పడుతుంది. ఎవడు ఆలోచించి పెట్టాడో అనుకున్నాడు బిక్షపతి. నడుమ ఒక మర. చాకు కొసతో తిప్పితే మర వచ్చింది. తంగూసు దారం చుట్టి ఉన్న చక్రం ఉక్కు ఇరుసు మీద నుంచి మెత్తగా జారి బయటికి వచ్చింది. ఇరుసు మీద గీత లేదు. పాత నూనె వాసన కొట్టింది.

చక్రాన్ని వెనక్కి తిప్పి చూశాడు. ఉన్నాయి. రూపాయి బిళ్ళంత పండ్ల చక్రం, రివిట్లు కొట్టి బిగించి ఉంది.

ఇంకా చాలదన్నట్టు వెనక బిళ్ళలోకి చూశాడు. గోరంత ఉక్కు ముక్క ఒకటి ముక్కు ముందుకు పెట్టుకుని ఉంది. దాన్ని వెనక నుంచి నెడుతూ జడపిన్నులా వంచిన సన్నటి స్ప్రింగు. ఇదేనా కిర్రుమనేది అని వేలితో అలా తాకాడు, అంతే. స్ప్రింగు చిటుక్కున లేచి వాకిలి దాటి ఎటో పోయింది.

వెతికాడు. గుడిసె ముందు మొరం నేలంతా చేత్తో పామి వెతికాడు. గడ్డి పరకలు ఒక్కొక్కటే విడదీశాడు. బర్రెలు ఇంటికి మళ్ళే దాకా వెతికినా దొరకలేదు. చక్రాన్ని ఇరుసుకు ఎక్కించి పిడి తిప్పి చూస్తే చప్పుడే లేదు. అడ్డు లేకపోయేసరికి చక్రం గిర్రున తిరిగి పిడి వచ్చి వేలి కణుపు మీద టప్పున కొట్టింది. ఆదివారం ఎవడు తిప్పినా కిర్రుమనకపోతే ముడి విప్పిన సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది. బిక్షపతి పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

శనివారం పొద్దున్నే గిరకను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, పైన రొట్టెలు పరిచి, ఊళ్ళోవాళ్ళు మానుకోట అనే మహబూబాబాద్ పోయాడు. స్టేషన్ రోడ్డులో రేణుక కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. బిక్షపతి వాళ్ళ మిషన్ ఆమె దగ్గర బాగుపడిందే. డబ్బా మూత తీయగానే ఆమె రొట్టెల వైపు చూసి, "ఏందన్నా, నాకు సద్దికట్టి తెచ్చినవా?" అంది.

అతను రొట్టెలు తీశాడు. ఆమె నవ్వు ఆపి గిరకను అందుకుంది. అడుగుతూనే విప్పింది, వింటూనే తుడిచింది. అతను ఏమీ దాచలేదు. మూట, ముడి, ఆదివారం, గాలం బందు, అన్నీ చెప్పాడు.

"మంచి పనే చేసినవ్," అంది రేణుక. "గిది మిషన్ అన్నదెవ్వలు?"

"పండ్లున్నయ్ గద."

"పండ్లుంటే మిషన్ అయితదా? దువ్వెనకు గూడ ఉంటయ్." ఆమె పిడి పట్టుకుని మెల్లగా తిప్పింది. "సూడు. నేను ఒక్క సుట్టు తిప్పితే లోపల చక్రం ఒక్క సుట్టే తిరుగుతది. కుట్టుమిషన్‌ల కింది పెద్ద చక్రం ఒక్కపారి తిరిగితే సూది ఎన్నిమార్లు దిగుతది? గా కథ దీంట్ల లేదు. నీ చెయ్యి ఎంత తిప్పితే గంతే. ఈ పండ్లు లాగేటియి గావు, ఆపేటియి. చేప గుంజినప్పుడు చక్రం మస్తు జోరుగ తిరిగి దారం చిక్కువడతది. గట్ల గాకుండ ఈ ముక్క పండ్లకు తాకుకుంట జర అడ్డం వడతది. గదే చప్పుడు."

బిక్షపతికి అంతా ఒక్కసారిగా తేటతెల్లమైంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది, వెంటనే మళ్ళీ కూలబడింది.

"ఐతారం గిదంత చెప్పేటోడెవ్వడు? పండ్లు కనవడంగనే ధర్మేందర్ లేస్తడు. ఇంగ ఎవ్వలింటరు?"

"నువ్వు చెప్పు."

"నాకు ఎట్ల ఎరుకైందంటే ఏమనాలె? నేను ముడి ఇప్పలేదు గద."

రేణుక అతని మొహంలోకి చూసింది. పాత మిషన్ల విడిభాగాలున్న రేకు డబ్బాను బల్ల మీద బోర్లించి, దారం బిగువు కోసం వాడే స్ప్రింగు ఒకటి ఏరింది. పట్టకారుతో సాగదీసి, మంట మీద కొద్దిగా కాల్చి, జడపిన్నులా వంచింది. ఒకసారి పెట్టి చూసి తీసింది. ఇంకొంచెం వంచి మళ్ళీ పెట్టింది. ఉక్కు ముక్క పండ్ల మీద వాలింది.

"రివిట్లు కోస్తే పండ్ల చక్రమే ఊడొస్తది," అంది తల ఎత్తకుండా. "తీసెయ్యమంటవా? లొల్లే ఉండది."

బిక్షపతికి అటే మనసు లాగింది. తీసేస్తే తండాకు గాలం మిగులుతుంది, తనకు కావలి మిగులుతుంది. కానీ ఇన్నేళ్ళు కిర్రుమన్న గిరక రేపు మూగదై పోతే ఊరంతా అడుగుతుంది. పైగా అది తన వస్తువు కాదు.

"వద్దక్కా. ఎట్లున్నదాన్ని గట్లనే పెట్టు."

రేణుక గిరక బిగించి తిప్పింది. కిర్రుమంది. అయితే ఆ పాత చప్పుడు కాదు. కొంచెం సన్నగా, కీచుగా ఉంది.

"కొత్త చెప్పు కరిసినట్టే. నడువంగ నడువంగ మెత్తవడతది," అంది.

సాయంత్రం ఇంట్లో దాన్ని తువ్వాలలో పెట్టి ముడి వేశాడు. ప్రతి చుట్టూ బాలనర్సమ్మ వేసిన వైపే వేశాడు. పసుపు చెదిరిన చోట మళ్ళీ తడిపసుపు అద్దుతుంటే భార్య పద్మలత వంటింటి గడపలో నిలబడి చూసింది. అడగకుండానే ఆమెకు అర్థమైంది.

"ఎవ్వలకు చెప్పకు," అన్నాడు బిక్షపతి.

"నేనెవ్వలకు చెప్త? నువ్వు చెప్తవేమోనని నా భయం," అంది ఆమె. పసుపు డబ్బా మూత పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి లోపలి నుంచే, "మనోళ్ళు మనల గడప తొక్కనియ్యరు, యాదుంచుకో," అంది.

ఆదివారం తూము మీది బండల దగ్గర అందరూ కూడారు. సొసైటీ వాళ్ళు ఒక పక్క, తండా వాళ్ళు ఒక పక్క. మంగీలాల్ తన వాళ్ళకు కూడా కొంచెం ఎడంగా ఒక్కడే నిలబడ్డాడు. బిక్షపతి మూట తెచ్చి బాలనర్సమ్మ ముందు పెట్టాడు. ఆమె ముడిని బొటనవేలితో తడిమింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు.

"ముడి ముడి లెక్కనే ఉన్నది," అని చాకు అందుకుని దారం కోసింది.

గిరక మంగీలాల్ చేతికి ఇచ్చారు, తనదో కాదో చెప్పమని. అతను పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. ఆగాడు. ఇంకో చుట్టు వెనక్కి తిప్పాడు. తల ఎత్తి తిన్నగా బిక్షపతి వైపు చూశాడు.

ఇక చెప్పేస్తాడనుకున్నాడు బిక్షపతి. చెప్తే చెప్పనీ, నా నోటితో చెప్పే పని తప్పుతుంది అని కూడా అనుకున్నాడు. మంగీలాల్ చూపు దించుకున్నాడు.

"నాదే," అన్నాడు.

ధర్మేందర్ గిరకను లాక్కున్నంత పని చేశాడు. బండి తాళంచెవితో మర తిప్పబోతే పట్టు దొరకలేదు. ఎవరో చాకు ఇచ్చారు. మర వచ్చింది, చక్రం బయటికి జారింది. ధర్మేందర్ దాన్ని వెనక్కి తిప్పి, పండ్లు అందరికీ కనబడేలా పైకెత్తి చుట్టూ తిరిగాడు. తండా ఆడవాళ్ళలో ఎవరో పళ్ళ మధ్య నుంచి ఊపిరి లాగారు. లాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంగేమున్నదవ్వా? పెద్దమనుషులు అనుకున్న మాటనే," అన్నాడు ధర్మేందర్. "తండకు గాలం బందు."

బాలనర్సమ్మ మంగీలాల్‌ను అడిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా?"

"నేననేదేమున్నదవ్వా," అన్నాడు మంగీలాల్.

బిక్షపతి పాదాల కింద బండ సెగలు కక్కుతోంది. పద్మలత ఆడవాళ్ళ వెనక నుంచి అతన్నే చూస్తోంది. వద్దు అన్నట్టు తల అడ్డంగా కొద్దిగా కదిలింది. పెద్దలు లేచి పంచెలు దులుపుకోబోతున్నారు.

"ముడి నేనిప్పిన," అన్నాడు బిక్షపతి.

గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు. దగ్గరున్న వాళ్ళకే వినబడింది. అందుకని మళ్ళీ అనాల్సి వచ్చింది. రెండోసారి అనడం మొదటిసారి కంటే కష్టమైంది.

ధర్మేందర్ నవ్వాడు. "పొద్దుగాల్నే ఏసినవా అన్నా?"

"తాగలే. ఆగలేక ఇప్పి చూసిన. లోపలి స్ప్రింగు వడగొట్టిన. మానుకోట వోయి కొత్తది ఏపిచ్చుకొచ్చిన. నమ్మకపోతే సూడుండ్రి, దాంట్ల అన్ని పాతయి, గదొక్కటి కొత్తగ మెరుస్తది." అని ఊపిరి తీసుకున్నాడు. "పండ్లున్నయ్ గని అవి లాగేటియి గావు. ఆపేటియి. చేతితోని ఎంత తిప్పితే గంతే తిరుగుతది."

ఆ చివరి మాటలు ఎవరూ వినలేదు. బాలనర్సమ్మ వెనక బిళ్ళను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని వెలుగు వైపు తిప్పి చూసింది. వేలితో తాకబోయి తాకలేదు. సొసైటీ వాళ్ళ వైపు లొల్లి లేచింది. ఎవడో బిక్షపతి తల్లిని తిట్టాడు. తిట్టినవాడు అతని చిన్నాయన కొడుకే.

"గాడు మన మనిషే గదవ్వా," అన్నాడు ధర్మేందర్. మొహం నల్లబడింది. "మనోడు ఇప్పితే మనం ఓడుడేంది?"

"ఆళ్ళోడు ఇప్పితే ఆళ్ళు ఓడుతుండిరి గద," అంది బాలనర్సమ్మ. "మనోడిప్పిండు. మనం ఓడినం. గాలం ఉన్నట్టే ఉంటది." లేస్తూ బిక్షపతి వైపు తిరిగింది. కోపమో జాలో ఆ మసక కళ్ళలో తెలియలేదు. "కావలోడే ముడి ఇప్పినంక నీకింగ కావలి ఏంది కొడుకా? రేపటి సంది నగేష్ చూసుకుంటడు. గుడిసె ఇడిసిపెట్టు."

జనం విడిపోయారు. అతని పక్కనుంచి పోతున్న వాళ్ళెవరూ అతని మొహం చూడలేదు. పద్మలత అందరికంటే ముందే వెళ్ళిపోయింది. తండా వాళ్ళు మాత్రం గలగలా మాట్లాడుకుంటూ కట్ట ఎక్కుతున్నారు. ఎవరో అప్పుడే గాలం కర్ర తెమ్మని కేకేశారు. బిక్షపతి బండ మీద కూర్చుండిపోయాడు.

మంగీలాల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గిరక చేతిలో ఉంది. బిక్షపతికి లోపల ఆశ కదిలింది. ఒక్క మంచి మాట అంటాడని, అంటే చాలని అనిపించింది. దాచుకోవడానికేముంది, ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"చప్పుడు మారింది," అన్నాడు మంగీలాల్.

"తిప్పంగనే ఎరుకైందా?"

"ఎరుక గాదా?"

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"నేను చెప్తే ఎవ్వలు నమ్ముతరన్నా? నేనే ఏదో చేసి నీ మీద వెట్టిన అనేటోళ్ళు." అతను పిడి తిప్పాడు. కీచుమంది. చెవికి తగిలిన నొప్పి మొహంలో కనబడింది. "మా బాపు చేతుల గూడ పాత తీరుగనే మొత్తుకునేది. చిన్నగున్నప్పటి సంది గా చప్పుడే ఇన్న. పాత స్ప్రింగు యాడ వడ్డది?"

"గుడిసె ముంగట. మస్తు దేవులాడిన. దొరకలే."

మంగీలాల్ తల ఊపాడు. కట్ట ఎక్కి పోయాడు.

సోమవారం పొద్దున నగేష్ చాపా టార్చిలైటూ పట్టుకుని తూము దగ్గరికి వచ్చేసరికి గుడిసె ముందు మొరం నేల బెత్తెడు లోతు తవ్వి ఉంది. బిక్షపతి సామాను ఇంకా లోపలే ఉంది. అతను గొంతుకూర్చుని పద్మలత పిండి జల్లెడతో మట్టి జల్లిస్తున్నాడు. జల్లెడలో మిగిలిన రాళ్ళను అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే వేరు చేసి చూసి పక్కన పడేస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా మొరం మట్టితో ఎర్రగా ఉన్నాయి.

నగేష్ చాపను కింద పెట్టాడు. "గుడిసె ఖాళీ చెయ్యాలె గదన్నా," అన్నాడు.

"చేస్త తమ్మీ," అన్నాడు బిక్షపతి. ఇంకో తట్ట మట్టి దగ్గరికి లాక్కున్నాడు. "జర పక్కకు నిలవడు. గక్కడ ఇంకా సూడలే."